చెట్టు మీద రాజద్రోహం

మొసళ్ళ మడుగు దాటించిన పడవవాడికి నమస్కారం చెప్పి జయంధరుడు కొండదారి పట్టాడు. ఆ దారి మెలికలు తిరిగి కనుమ మీదికి చేరేసరికి ఎదురుగా కనిపించిన దృశ్యానికి అతని కంచరగాడిద కూడా నమలడం మానేసింది.

లోయ నిండా హస్తపర్ణి వృక్షాలు. ఆ చెట్టు ఆకు అయిదు వేళ్ళ అరచేయిలా ఉంటుంది. ఎండకాలమంతా పచ్చగా ఉండి, చలిగాలి సోకగానే ఎర్రబడుతుంది. గోరింట పండిన చేతులు లక్షోపలక్షలుగా గాలికి ఊగుతూ ఎవరినో రమ్మంటున్నట్టు ఉన్నాయి. తేరిపార చూస్తే వెళ్ళిపొమ్మంటున్నట్టు కూడా ఉన్నాయి. వాటి నడుమ పాలరాతి బురుజులతో ఉన్నతపురం మెరుస్తోంది. ప్రతి బురుజుకూ ఎడమవైపున ఒక ఉబ్బు. కట్టడం తెలియక అలా కట్టారేమోనని అనుకున్నాడు జయంధరుడు.

అతను సువర్ణమేఖల రాజ్యపు యువరాజు. ఇప్పుడు మాత్రం వడ్రంగి వేషంలో, గడ్డం పెంచి, గాడిద మీద కర్రను తిప్పి చెక్కే తరిమెన, ఉలులు, రంపం వేసుకుని వచ్చాడు. వచ్చిన పని అక్క ప్రాణం కాపాడడం.

అక్క పేరు ధృతిమతి. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచి, అదే చేత్తో రాజ్యం కూడా ఏలుతున్న మనిషి. ఒక ఏడాది వానలు మొహం చాటేస్తే ఋజుదండుడనే మాంత్రికుడు వచ్చి పెద్ద హోమం చేయించాడు. పూర్ణాహుతి అయ్యాక రాణి చేతులు జోడించి, "స్వామీ, వాన ఎప్పుడు పడుతుంది?" అని అడిగింది. భక్తి ఉన్నవాళ్ళు అడగవలసిన ప్రశ్నే అది. భగవంతుణ్ణి అడిగితే ఆయనకు కోపం వచ్చినట్టు ఏ పురాణంలోనూ లేదు. కాని ఋజుదండుడికి వచ్చింది. నిలువెత్తు వెదురుదండం నేలకు కొట్టి, "నీ పెదవులకు నీళ్ళందించే ఏ పాత్రయినా నిలువునా చీలిపోవుగాక" అని శపించి మాయమయ్యాడు.

ఆనాటి నుంచి బంగారు గిన్నె చీలింది, కంచు చెంబు చీలింది, దోసిట నీళ్ళు పట్టిన దాసి అరచేయి చీలింది. ఏటి ఒడ్డున వంగి తాగబోతే ఒడ్డే చీలి, నీళ్ళు పాతాళానికి పోయాయి. బత్తాయి తొనను పాత్ర అనుకోవాలని శాపానికి తట్టలేదు కాబోలు, రాణి ఆ రసంతోనే ప్రాణం నిలుపుకుంటోంది. తోటలో బత్తాయిలు అయిపోవస్తున్నాయి.

నీరసంతో మంచం పట్టినా రాణి అడగడం మానలేదు. "చీలిక ఎటు పోతుంది?" అని ఆస్థాన వడ్రంగిని పిలిచి అడిగింది. నార వెంట పోతుందన్నాడతను. బంగారానికీ మట్టికీ కూడా కంటికి కనబడని దారి ఏదో ఉంటుందన్నాడు. "దారే లేని కర్ర ఉందా?" అని మళ్ళీ అడిగింది. అప్పుడతను చెట్టు బుడిపె సంగతి చెప్పాడు. చెట్టుకు దెబ్బ తగిలిన చోట, పురుగు తొలిచిన చోట కర్ర ఉబ్బి పెరుగుతుంది. అందులో నార ఒక దారిన ఉండదు. అల్లి, మెలిపెట్టి, చిక్కు వేసినట్టుంటుంది. గొడ్డలి పెట్టినా చీలదు. అయితే గిన్నె తొలవడానికి సరిపడేంత బుడిపెలు మంచుకొండల అవతల హస్తపర్ణి చెట్లకే కాస్తాయి. దేవుడు చెట్టుకు గాయమెందుకిచ్చాడో, ఆ గాయంలోనే అంత గట్టిదనం ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి.

జయంధరుడు ఆ వడ్రంగి దగ్గరే తరిమెన పట్టడం నేర్చుకుని బయలుదేరాడు. బాగా నేర్చుకున్నాడని చెప్పలేం. అతను చేసిన గిన్నెలు ఒక్కటీ నేల మీద నిలకడగా నిలబడలేదు.

కోటగుమ్మం దగ్గర దోనెప్ప అనే కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఏ ఊరయ్యా మనది? ఏం పని మీద వచ్చినావు?"

"వడ్రంగినండి. చిన్నోజంటారు. బుడిపె కోసం వచ్చానండి."

దోనెప్ప ఈటె వదిలేసి రెండు చెవులూ మూసుకున్నాడు. పక్కన కూరగాయల గంప దించుకుంటున్న ఆడమనిషి గంప పడేసి చెవులు మూసుకుంది. గోడవారనున్న బిచ్చగాడు ఒక చెవే మూసుకుని రెండో చెయ్యి చాపే ఉంచాడు.

అప్పుడు గమనించాడు జయంధరుడు. అందరి తలగుడ్డల కిందా ఎడమ కనుబొమ మీద ఏదో ఉబ్బెత్తుగా ఉంది. చిన్నా పెద్దా తేడాతో అందరికీ ఉంది.

దోనెప్ప అతని జబ్బ పట్టుకుని కోటలోకి లాక్కుపోతూ గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ మాట అనగూడదయ్యా. మా ఉత్తుంగసేన మహారాజుగారి నుదుటి మీద కాంతి ఉంది."

"కాంతా?"

"కాంతే. మొదట్లో ఆ మాట పొట్టిగా ఉండేది. మహామంత్రి అనుకూలవర్మగారు దీర్ఘం ఇప్పించినారు. నువ్వన్నావే, ఆ రెండో మాటకి దీర్ఘం పెట్టినా బాగుపడే వీల్లేదని పూర్తిగా తీసేసినారు."

"మీకందరికీ ఉన్నవి?"

"మావి వచ్చినవి కావు, పెట్టుకున్నవి. నాది పత్తి. మంత్రిగారిది చందనపు చెక్క. మా ఆడది పిండిముద్ద పెట్టుకుంటది. సాయంత్రం దాన్నే రొట్టె కాల్చేస్తది. రాజభక్తీ అయింది, వంటా అయింది."

జయంధరుడు నవ్వు ఆపుకున్నాడు. "మరి చెట్లకు ఉన్న బు... ఉన్నవి ఏమయ్యాయి బాబూ?"

"రాజుగారి దానికంటే పెద్దది ఎవరికీ ఉండగూడదని చట్టం చేసినారు. మనుషులు విన్నారు. చెట్లు వినలేదు. వినకుండా పెద్దవి పెంచుకున్న చెట్లన్నిటినీ నరికి కాల్చినారు. కోటతోటలో ఒక్కటి మిగిలింది. అది మహారాజు తాతముత్తాతలు నాటిన చెట్టు గదా, గొప్పింటిది, విచారణ లేకుండా ఎట్ట కాలుస్తారు? ఇవ్వాళ దానికి విచారణ. నీక్కూడా అక్కడే జరిపిస్తా, నడు."

జయంధరుడి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. లోకంలో మిగిలిన ఒక్కగానొక్క పెద్ద బుడిపె ఇవాళ బూడిద కాబోతోంది.

తోటలో కొలువు తీరి ఉంది. ముద్దాయి హస్తపర్ణిని మోకులతో కట్టారు. పారిపోకుండా నలుగురు భటులు కాపలా ఉన్నారు. దాని మానుకు నడుమెత్తున, పడుకున్న ఏనుగు తలంత బుడిపె. బెరడు మడతలు మడతలుగా, నూరేళ్ళ ముసలమ్మ మొహంలా ఉంది. చూస్తే భయం వేయదు, దణ్ణం పెట్టాలనిపిస్తుంది. జయంధరుడు మనసులోనే పెట్టాడు.

సింహాసనం మీద ఉత్తుంగసేనుడు. ఎడమ కనుబొమ మీద సగం కొబ్బరికాయంత కంతి. దానికి విభూతి రేఖలు, కుంకుమ బొట్టు, చుట్టూ ముత్యాల సరం. దాని బరువుకు ఒక కన్ను సగం మూసుకుపోయింది. రెండో కన్ను నిద్ర లేక ఎర్రబడింది. పక్కన నిటారుగా నిలబడి ఉన్న రాజగురువును చూడగానే జయంధరుడు గుర్తుపట్టాడు. ఋజుదండుడు. అదే మనిషి, అదే వెదురుదండం. మాంత్రికుడు మాత్రం గడ్డం వెనక యువరాజును పోల్చుకోలేదు. గొప్పవాళ్ళు వడ్రంగుల మొహాలు చూడరు గదా.

"మహాప్రభూ," అన్నాడు అనుకూలవర్మ, "చెట్టుతోపాటు ఇంకో ముద్దాయి దొరికాడు. వీడు అనకూడని మాట అన్నాడు."

"ఏ మాటండీ?" అన్నాడు జయంధరుడు అమాయకంగా.

"అది చెప్పకూడదు."

"చెప్పకపోతే ఒప్పుకోవడం ఎలాగండి? దీపాలమ్మ సాక్షిగా, తప్పు చేసి ఉంటే ఒప్పుకుంటాను."

మంత్రి దోనెప్ప వైపు తిరిగాడు. "నువ్వే గదా సాక్షివి. వీడేమన్నాడో సభలో పలుకు."

దోనెప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "పలికితే నన్నూ కట్టేస్తారు గదా సామీ."

"పలకకపోతే సాక్ష్యం ఎలా?"

"వాడు 'బ'తో మొదలుపెట్టినాడు. అంతవరకు చెప్పగలను."

"నేనన్నది 'గుడిపై' అండి," అన్నాడు జయంధరుడు. "గుడిపై కలశం చెక్కే పని ఉందేమోనని వచ్చానన్నాను. వీరికి బకారంలా వినబడింది. కాదంటే నేనన్న మాట ఏదో, అసలు మాట ఏదో రెండూ పక్కపక్కన పలికి తేడా చూపించమనండి."

సభలో పండితులందరూ కాళ్ళ వేళ్ళ వంక చూసుకున్నారు. ఆ తేడా అందరికీ తెలుసు. చూపించే నోరు ఒక్కరికీ లేదు. చట్టం ప్రకారం ఆ మాట పలికే హక్కు రాజుగారొక్కరికే ఉంది. అందుకని అందరూ ఆయన వైపు తిరిగారు.

ఉత్తుంగసేనుడు పెదవులు తడుపుకున్నాడు.

"బుడిపె," అన్నాడు.

చెవులు మూసుకునే చప్పుడు తోటంతా వినబడింది.

"బుడిపె," అన్నాడు మళ్ళీ, నోట్లో బెల్లం ముక్క చప్పరిస్తున్నట్టుగా. "ఎంత బాగుందయ్యా ఈ మాట. మా అమ్మ అనేది, నేను పడి నుదురు వాచినప్పుడల్లా. ఏదీ, మళ్ళీ చూడు బుడిపె కట్టింది అనేది."

ఋజుదండుడు దండం ఒక్కసారి నేలకు తాటించాడు. రాజు గబుక్కున సర్దుకున్నాడు. "ఈ వడ్రంగి గుడిపై అన్నాడు. వదిలేయండి. చెట్టును కాల్చండి."

"ప్రభూ, ఒక చిన్న మనవి," అన్నాడు జయంధరుడు. "నేరం చేసింది చెట్టంతా కాదు గదండీ. ఆ ఒక్క అవయవం. దొంగతనానికి చెయ్యి తీయిస్తారు గాని దొంగ తాత నాటిన మొక్కని తగలబెట్టరు గదా. నేరం చేసినదాన్ని నేను కోసేస్తాను. మిగతా చెట్టు మీ తాతగారి పేరు చెప్పుకుని బతుకుతుంది."

ఈ వాదనలో అర్థమెంతో సభకు తెలియదు గాని, రాజు తల ఊపాడు. రాజు ఊపితే మంత్రి ఊపాడు. మంత్రి ఊపగానే సభంతా ఊపింది. పత్తి ఉబ్బులు, పిండి ఉబ్బులు, చందనపు ఉబ్బులు అన్నీ ఊగాయి.

జయంధరుడు చెట్టు మొదట్లో నేలకు మొక్కి రంపం పెట్టాడు. చలికాలపు సూర్యుడు నడినెత్తి దాటాక బుడిపె ఊడి పడింది. కోసిన ముఖం చూడడానికి సభంతా మెడలు సాచింది. తేనెరంగు కర్రలో వేలవేల చిన్న కళ్ళు. నెమలి పింఛం పరిచినట్టు, నదిలో సుడులు గడ్డకట్టినట్టు, ఎటు చూసినా మెలికలే. సూటి గీత వెతికినా లేదు.

"ఇంత అందమైన వస్తువునా మనం కాల్చేస్తూ వచ్చాం?" అన్నారెవరో వెనకనుంచి. ఎవరన్నారో కనుక్కోమని మంత్రి ఆజ్ఞాపించాడు.

రాజుకు చూడాలని సరదా పుట్టింది. తరిమెన బిగించమన్నాడు. ఇద్దరు భటులు తోలుపట్టెడ లాగుతుంటే జయంధరుడు బుడిపెలోంచి మంచి ముక్క ఎంచి ఉలి పెట్టాడు. పచ్చి కర్ర. పొట్టు పట్టీల్లా చుట్టలు చుట్టుకుని గాలిలోకి లేచింది. ఎప్పటిలాగే అతని గిన్నె ఒక పక్కకు వంకర తిరిగింది. మొదటిసారిగా ఆ వంకర చూసి అతను సంతోషించాడు.

గిన్నె ఆకారం వచ్చేసరికి ఋజుదండుడి కళ్ళు చిన్నవయ్యాయి. నీళ్ళు తాగే గిన్నె. చీలని కర్ర. గడ్డం వెనక ఉన్న మొహం ఎవరిదో అప్పుడు అర్థమైంది అతనికి.

"ధృతిమతి తమ్ముడా," అన్నాడు మెల్లగా. "నీ అక్క ఇంకా ప్రశ్నలు అడుగుతోందా?"

దండం ఎత్తి, దేన్నయినా చీల్చే విదారణ మంత్రం వదిలాడు. నీలంరంగు మెరుపు రివ్వున వచ్చి గిన్నె అంచున దిగింది. దిగిన మంత్రం నార పట్టుకుని పోబోయింది. నార కుడికి తిరిగింది, మంత్రమూ తిరిగింది. నార కన్నులా సుడి చుట్టింది, మంత్రమూ చుట్టింది. పట్నం సందుల్లో దారి తప్పిన పల్లెటూరి ఎద్దులా ఆ మంత్రం గిన్నెలో ఎంతసేపు తిరిగిందో, నీలం వెలుగు ఆ కన్నులోంచి ఈ కన్నులోకి మినుకుమినుకుమంటూ కనబడుతూనే ఉంది. చివరికి విసుగెత్తి ఎటు పడితే అటు బయటికి ఉరికింది.

ఉరికినది సూటిగా ఉన్నదాన్నల్లా పట్టుకుంది. ముందు ఋజుదండుడి దండమే టప్పున నిలువునా చీలింది. ఆ తర్వాత సభలోని తలపాగాలన్నీ వరుసగా చీలాయి. పత్తి రాలింది. పిండి రాలింది. మంత్రిగారి చందనం చెక్క రెండు బద్దలై ఒళ్ళో పడింది. చదునైన నుదుళ్ళు ఎండలో తళతళలాడాయి.

ఉత్తుంగసేనుడు ఒక్కొక్కరినే చూశాడు. "మీకెవ్వరికీ లేదా?" అన్నాడు చిన్న గొంతుతో. "అందరికీ వచ్చిందన్నారే. దైవప్రసాదం రాజ్యమంతా వ్యాపించిందన్నారే, గురువుగారూ?"

గురువుగారు అక్కడ లేరు. దండం చీలినా విద్య మిగిలినట్టుంది, ఒక ముసలికాకి దక్షిణంగా ఎగిరిపోతోంది. దండం చీలినంత మాత్రాన శాపం చీలదని కాకి కూత చెబుతూనే ఉంది.

సభ సిగ్గుపడి ఉండవలసిన సమయం అది. కాని సభకు అంత తీరిక లేదు. బోడి నుదుళ్ళతో రాజు ఎదుట నిలబడడమే అందరి భయం. అనుకూలవర్మ చూపు తరిమెన మీది గిన్నె మీద పడింది.

"దాన్ని బోర్లిస్తే," అన్నాడు, "సరిగ్గా సరిపోతుంది."

అంతే. పండితులు, దండనాయకులు, వంటవాళ్ళు ఒక్క ఉరుకున గిన్నె మీదికి వచ్చారు. జయంధరుడికి దాచే చోటు దొరకలేదు. చటుక్కున గిన్నెను ఎడమ కనుబొమ మీద బోర్లించుకుని, పైపంచె తీసి దాని మీదుగా తలపాగా చుట్టేశాడు.

మీదికి వస్తున్నవాళ్ళు ఆగిపోయారు. వాళ్ళ ఎదుట రాజుగారి దానికంటే పెద్ద ఉబ్బున్న తల ఒకటి నిలబడి ఉంది. లోపల ఏముందో వాళ్ళ కళ్ళారా చూశారు. అయినా మోకాళ్ళు ఆలోచన కంటే ముందు అలవాటు మాట విన్నాయి. ముందు వరుస వంగింది. వెనక వరుస వంగింది. అనుకూలవర్మ నేలకు నుదురు ఆనించి, "మహాకాంతికి జయం," అన్నాడు.

"బాగుంది," అన్నాడు ఉత్తుంగసేనుడు. ముత్యాల సరం విప్పి పక్కన పెట్టాడు. చెట్టు కింద ఎర్రటి ఆకులు కుప్ప చేసుకుని, ఎన్నేళ్ళుగానో ఎవరూ చూడకుండా పడుకోలేకపోయిన మనిషి కుడిపక్కకు ఒత్తిగిలి పడుకున్నాడు. మరుక్షణం గురక పెట్టాడు. ఆ రాజ్యంలో ఆ పూట దేవుడి దయ నిజంగా పొందినవాడు ఆయనొక్కడే.

జయంధరుడు గాడిదను వదిలి కోట గుర్రమెక్కి దక్షిణంగా దూకించాడు. వెనక్కి చూస్తే సైన్యమంతా వస్తోంది. ఆగమన్నాడు. రాజాజ్ఞ అని ఆగారు. కదిలితే మళ్ళీ కదిలారు. "మీ ఊరు పొండి," అన్నాడు. "తమరెక్కడుంటే అదే మా ఊరు ప్రభూ," అన్నాడు అనుకూలవర్మ, దారిలో దొరికిన సొరకాయ ముక్కను చీలిన తలపాగా కింద సర్దుకుంటూ. తలపాగా తీస్తే గిన్నె కోసం మీదపడతారు, తీయకపోతే వెంటపడతారు. వెంటపడడమే నయమనుకున్నాడు జయంధరుడు. మొసళ్ళ మడుగు దగ్గర ఆ తలలను చూసి మొసళ్ళు తమంతట తామే ఒడ్డెక్కి దారి ఇచ్చాయి.

సువర్ణమేఖల కోట కనబడేసరికి తలుపులు మూసి ఉన్నాయి. బురుజుల మీద విలుకాళ్ళు బారులు తీరారు. ఎవరో ముసలి సాధువు ముందుగా వచ్చి, ఉత్తరం నుంచి నుదుటి మీద కాంతి ఉన్న రాజు దండెత్తి వస్తున్నాడని, అతని తలకు గురిపెట్టమని చెప్పి పోయాడట.

"అక్కయ్యా, నేను," అని అరిచాడు జయంధరుడు. వెనకనుంచి భేరీలు, బూరలు, "మహాకాంతికి జయం" అనే కేకలు. అతని మాట అతనికే వినబడలేదు.

ఒక బాణం వచ్చి తలపాగాలో దిగింది.

భేరీలు ఆగిపోయాయి. గుర్రం మీద జయంధరుడు ఊగాడు గాని పడలేదు. నుదుటికి చిన్న పోటు తగిలి ఊరుకుంది.

"అక్కయ్యా," అన్నాడు ఈసారి మామూలు గొంతుతో.

బురుజు మీద ఇద్దరు దాసీలు పట్టుకుని నడిపిస్తున్న సన్నటి మనిషి చెయ్యెత్తింది. విల్లులు దిగాయి. ఆవిడ పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. చేతిలో బత్తాయి తొన కూడా లేదు.

"గిన్నె తెచ్చావా, చిన్నీ?"

"తెచ్చానక్కయ్యా."

తలపాగా మెల్లగా విప్పాడు. వెనక సైన్యం ఉలిక్కిపడింది. అది పట్టించుకునే స్థితిలో అతను లేడు. బాణం గిన్నె అడుగున నిటారుగా నిలబడి ఉంది. ఎక్కడా చీలిక లేదు, నెర్రె లేదు. లోపలికి బొటనవేలు పెట్టి తడిమాడు. చల్లగా ఇనుపమొన తగిలింది.

పీకితే చిల్లు. పీకకపోతే ఆ బాణమే బిరడాలా నీళ్ళను ఆపుతుంది. అతనికి ప్రాణం లేచివచ్చింది.

"నీళ్ళు తెప్పించండి," అని కేక వేశాడు. "బాణాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకండి."

దాసి కుండ తీసుకుని మెట్లు దిగుతోంది. రాణి గోడ మీదినుంచి వంగి గిన్నెను చూసింది, దానిలో గుచ్చుకున్న బాణాన్ని చూసింది. గొంతు పీలగా వచ్చినా, ప్రశ్న మాత్రం ఎప్పటిలాగే వచ్చింది.

"ఆ బాణం ఏ కర్రతో చేశారు, చిన్నీ?"

జయంధరుడు చూశాడు. పక్వానికి వచ్చిన వెదురు. మొదటినుంచి చివరిదాకా ఒక్క మెలిక లేకుండా, నార గీత గీసినట్టు ఉంది. ఇప్పుడది కూడా గిన్నెలో భాగమే.

"చాలా సూటిదక్కయ్యా," అన్నాడు.

దాసి అతని పక్కకు వచ్చి కుండ వంచింది.